పుండు నాకిన నోరు

నా చిన్నప్పుడు అంటే నాకు ధాత కరువు సంవత్సరమే. అంతకు ముందటివి ముక్కలుగా తప్ప గుర్తు లేవు. ఆ ఏడాదిది మాత్రం ఏదీ చెరిగిపోలేదు. మా బంధువుల్లో కొందరు ఈ సంగతులన్నీ ఈశ్వర సంవత్సరంలో జరిగాయని చెబుతుంటారు. అది తప్పు. వాన మొహం చాటేసింది ధాత సంవత్సరం ఐప్పసిలో, మా వైపు తమిళ నెలల లెక్కన దీపావళి నెలలో. మా తమ్ముడు పోయింది అదే సంవత్సరం మాసిలో, అంటే శివరాత్రి నెలలో. ఈశ్వర వచ్చేటప్పటికి మా వీధిలో ఏడవడానికి కూడా మనుషులు మిగల్లేదు. నాకు అప్పుడు పదో ఏడు, తమ్ముడికి ఆరో ఏడు. చూసినదాన్ని చూసినట్టు, విన్నదాన్ని విన్నట్టు వేరు చేసి రాస్తున్నాను.

మాది కోయంబత్తూరుకు తూర్పున ఒక నల్లరేగడి పల్లె. తోలు పని మా వాళ్ళ వృత్తి. మా ముత్తాతల ముత్తాతలు నాయకుల దండు వెంట జీనులు, జోళ్ళు కుట్టుకుంటూ దక్షిణానికి వచ్చారని మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, చెప్పేది. అది విన్నమాట. ఇంట్లో తెలుగు, సంతలో అరవం. ఊళ్ళో రైతులు కూడా తెలుగువాళ్ళే. ఎద్దులతో నీళ్ళు తోడే వాళ్ళ మోటబావులకు తోలు తిత్తులు కుట్టడం, చిరిగితే అతుకు వేయడం మా నాన్న పని. అందుకు ప్రతిఫలంగా కళ్ళంలో గింజలు ఇచ్చేవారు, రోజూ సాయంత్రం పెరటి దగ్గర ఇంత వండిన కూడు పోసేవారు. మా నాన్న ఏ రైతు ఇంటికి కుట్టేవాడో ఆ ఇంటి ఇల్లాలిని మేమందరం అమ్మణ్ణి అనేవాళ్ళం.

ఆ ఇంట్లో భైరవుడికి ఒక మొక్కు ఉండేది. పిల్లలు, మగవాళ్ళు, ఆడవాళ్ళు అందరూ తిని లేచాక ఒక పిడికెడు సంగటి పెరటి గుమ్మం పక్కనున్న రాతి గుంటలో కుక్కకు వేసేవారు. ఆ పిడికెడు పడ్డ తర్వాతే మమ్మల్ని పిలిచేవారు. మేము కంచె ఇవతల నిలబడి ముంత పైకెత్తి పట్టుకుంటే అవతలి నుంచి, ముంతకు తగలకుండా, ఎత్తుగా పోసేవారు. అంటే ఆ ఇంటి భోజనాల వరసలో మా వంతు కుక్క తర్వాత. దాన్ని తప్పు పట్టాలని మాకెవరికీ తోచలేదు. వరస ఉన్నంతకాలం కూడు ఉండేది, అంతే మాకు కావలసింది.

కరువుకు రెండేళ్ళ ముందే మా ఇంటిల్లిపాది క్రైస్తవంలో కలిసి జ్ఞానస్నానం పొందాం. ఆదివారాలు సంతపేట నుంచి మిషను వారి ఉపదేశి వచ్చేవాడు. మదురై వైపు మనిషి, సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. మా వీధి చివర తోళ్ళు నానబెట్టే గుంటల పక్కన చాప పరిచి, వేదాన్ని తమిళంలో చదివి తెలుగులో చెప్పేవాడు. మా వాళ్ళు బైబిలును వేదమనే అంటారు.

వాన పోయాక ముందు పశువులు పడ్డాయి. తోలు పనివాళ్ళకు పశువు పోతే తోలు వస్తుంది కదా అని మా వీధిలో కొందరు లోలోపల కొంచెం సంతోషించారు కూడా. ఊరంతటి తోళ్ళూ మా ముంగిట్లో పోగుపడ్డాయి. తోలు పదును చేసే తంగేడు చెక్క ఉంది, నానబెట్టడానికి నీళ్ళు లేవు. తోళ్ళన్నీ కుళ్ళిపోయాయి. బావులు ఎండాక మోట తిత్తులతో ఎవరికీ పని లేకపోయింది. అమ్మణ్ణి ఇంట సాయంత్రం కూడు ఆగిపోయింది. మా నాన్న సర్కారు వారి కరువు పనికి, రాళ్ళు కొట్టడానికి పడమటి వైపు వెళ్ళాడు. ఆయన దగ్గరి నుంచి ఆ తర్వాత ఏ కబురూ రాలేదు. మేము నాగజెముడు పండ్లు తిన్నాం, ఏవేవో దుంపలు తిన్నాం. మా అవ్వ పాత మోట తిత్తి ఒకటి ముక్కలు కోసి ఉడకబెట్టింది. ఆముదం పట్టిన తోలు ఎంత ఉడికినా తోలే.

నాగజెముడు ముల్లు ఒకటి మా తమ్ముడి మోకాలి కింద దిగింది. మామూలు రోజుల్లో అయితే రెండు రోజుల్లో మానేది. ఒంట్లో సత్తువ లేని బిడ్డకు అది పుండై, చీలమండ దాకా పాకింది.

మాకొక కుక్క ఉండేది. పేరంటూ పెట్టలేదు, రంగును బట్టి ఎర్రది అనేవాళ్ళం. తమ్ముడు పుట్టినప్పటి నుంచి అది వాడి పక్కనే పడుకునేది. వాడి కాలికి పుండు పడ్డాక రోజూ వచ్చి దాన్ని నాకేది. నాకుతున్నంతసేపు వాడికి మంట తగ్గేదట, కళ్ళు మూసుకుని ఊరుకునేవాడు. అయితే మేమందరం ఎండిపోతుంటే ఎర్రది మాత్రం నున్నగా, బలంగా తయారవుతోంది. కారణం వీధిలో అందరికీ తెలుసు. సంతపేటలో సర్కారు కంజి తొట్టి పెట్టింది. అక్కడ గంజి పోస్తారని నాలుగు వైపుల నుంచి జనం నడిచి వచ్చేవారు. దారిలో కూలిపోయినవాళ్ళు దారి పక్కనే ఉండిపోయేవారు. కుక్కలన్నీ ఆ దారినే పోయేవి.

సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ఒక ఆదివారం మా అమ్మ ఈ సంగతి ఉపదేశి దగ్గర తెచ్చింది.

"ఉపదేశియారే, ఒక మాట అడగాల. మా ఎర్రది బిడ్డ కాలు నాకుతుండాది. అది యాడ తిని వస్తుండాదో మీకూ తెలుసు. దాన్ని రానియ్యొచ్చునా, తరమాల్నా? వేదంలో ఏమి రాసుండాది?"

ఉపదేశి తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే మనిషి కాదు. కాసేపు దగ్గి, ఆలోచించి, ఒక్కొక్కటే చెప్పాడు. చెడ్డ రాణి ఒకతెను మేడ మీది నుంచి తోసేస్తే కుక్కలు తినేశాయి, పాతిపెడదామని పోయినవాళ్ళకు తలపుర్రె, పాదాలు, అరచేతులు తప్ప ఏమీ దొరకలేదు. పవిత్రమైన వస్తువును కుక్కలకు వేయకూడదని ఒకచోట ఉంది. అన్నిటికన్నా చివర, దేవుడి బంగారు పట్టణం తలుపుల దగ్గర, కుక్కలు బయటే ఉండిపోతాయని రాసి ఉంది.

"వేదంలో కుక్క అంటే వట్టి కుక్క కాదమ్మా," అన్నాడు. "అది మురికికి గుర్తు. బయటివాడికి గుర్తు. లోపలికి రాగూడనిదానికంతా గుర్తు."

"అట్లయితే అది మేమే కదయ్యా," అంది మా అవ్వ. "కంచెకి బయట ఉండాము, ఊరికి బయట ఉండాము. ఆ బంగారు ఊరికి కూడా బయటనేనా?"

కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆ నెలలో మనుషులు నవ్వడం నేను విన్నది అదొక్కసారే. ఉపదేశి కూడా నవ్వాడు.

"లేదవ్వా, నువ్వు లోపలే."

"నేను లోపల, ఎర్రది బయటనా? అది ఒంటిగా ఉంటే మొరుగుతాదే. సరి, నేనూ వాకిట్లోనే కూర్చుంటాలే."

"కూర్చో, కూర్చో. నిన్ను లోపలికి లాగేదానికి నలుగురు దేవదూతలు కావాల."

"అది ఉండనీ అయ్యా. అంత పెద్ద పుస్తకంలో మంచి కుక్క ఒక్కటన్నా లేదా?"

ఉపదేశి చాలాసేపు పుటలు తిప్పాడు. చివరికి రెండు చోట్లు చూపించాడు. ఒకటి, గొప్పవాడి వాకిట్లో ఒళ్ళంతా పుండ్లతో పడి ఉన్న బిచ్చగాడి కథ. ఎవరూ వాడిని కన్నెత్తి చూడలేదు, కుక్కలు మాత్రం వచ్చి వాడి పుండ్లు నాకాయి. వాడు చనిపోయాక దేవదూతలు వచ్చి మోసుకుపోయారు. రెండోది, పరదేశపు తల్లి ఒకతె కథ. బిడ్డకు జబ్బు చేసి ఆమె ప్రభువు కాళ్ళ మీద పడితే, పిల్లల రొట్టె తీసి కుక్కలకు వేయడం తగదన్నాడు ఆయన. ఆమె కోపం తెచ్చుకోలేదు. నిజమే ప్రభూ, కానీ బల్ల మీంచి రాలే ముక్కలు కుక్కలు కూడా తింటాయి కదా అంది.

"ఆయప్ప ఏమనె?" అని అడిగింది మా అవ్వ.

"నీ నమ్మకం గొప్పది అనె. బిడ్డకు ఆ గడియలోనే నయమాయె."

"ఆ ఒక్క మాటకేనా?"

"ఆ మాటకే అవ్వా."

మా అమ్మ అడిగినదానికి జవాబు మాత్రం ఆ రోజు తేలలేదు. ఉపదేశి చూపించిన వేదంలో రాణిని తిన్నదీ కుక్కే, బిచ్చగాడి పుండు నాకిందీ కుక్కే. మా అమ్మ మొదటిదాన్ని పట్టుకుంది, కర్ర తీసుకుని ఎర్రదాన్ని తరమసాగింది. మా అవ్వ కర్ర ముట్టలేదు. ఆమె మనసు ఆ పరదేశపు తల్లి మాట మీద ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు ఆమె పెదవులు కదులుతుండేవి. ఆ మాటను ఆమె వల్లె వేసుకుంటోందని నాకు తర్వాత అర్థమైంది.

మాసి నెల వచ్చేసరికి తమ్ముడు లేచి నిలబడలేకపోయాడు. కంజి తొట్టి దగ్గర ఒక నియమం ఉండేది. ఎవరి గంజి వాళ్ళు అక్కడికి వచ్చి, అక్కడే కూర్చుని తాగాలి, ఇంటికి పట్టుకుపోకూడదు. వాడిని ఎత్తుకుని అంత దూరం నడిచే బలం మా అమ్మకు లేదు, అవ్వకు లేదు. మేము వెళ్ళి తాగి రావడం, వాడు ఇంట్లో పడి ఉండడం. నోట్లో పట్టుకుని తెచ్చి వాడికి పోద్దామని నేను ప్రయత్నించాను. అక్కడి జవాను ఒక్కొక్కరి నోరు తెరిపించి చూసి పంపేవాడు.

అప్పుడు మా అవ్వ ముంత తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని అమ్మణ్ణి ఇంటికి బయలుదేరింది. ఎండ ఇంకా తగ్గలేదు. పెరటి దగ్గరికి వెళ్ళాక ఆమె ఎప్పుడూ నిలబడే చోట నిలబడలేదు. కంచె దాటింది. రాతి గుంట పక్కకు వెళ్ళి నిలబడింది. నేను భయపడుతూనే వెనకాలే వెళ్ళాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె చూసుకున్న లెక్క నాకు తెలుస్తుంది. మా వంతు కుక్క తర్వాత. కాబట్టి కుక్క అనిపించుకోవడం మాకు ఒక మెట్టు పైకి ఎక్కడమే. పరదేశపు తల్లి పని జరిపించుకున్న మాట, ఈ పెరటి వరస తెలిసిన మనిషి నోట ఇంకా బాగా పనిచేయాలి. అలా అనుకుని వచ్చింది మా అవ్వ.

అమ్మణ్ణి తలుపు తీసి చూసింది.

"ఏమే ముసిలీ, యాడికి వచ్చి నిలబడినావు? కంచె దాటి వస్తివే!"

"కుక్క గుంట దగ్గర నిలబడినాను అమ్మణ్ణీ. మనవడు పడిపోయినాడు. కంజి తొట్టి దాకా నడవలేడు."

"దానికి నేనేమి సేసేది? కూడు ఆగిపోయె అని కార్తిగైలోనే సెప్పితిని కదా. నా పిల్లలకే సాలలేదు."

మా అవ్వ ముంత కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. పాఠం ఒప్పగించే పిల్లలా, తొందర లేకుండా చెప్పింది. "పిల్లలది మాకొద్దు అమ్మణ్ణీ. పిల్లలది తీసి కుక్కకి వెయ్యమని ఎవరన్నా అడుగుతారా? పిల్లలు తినేటప్పుడు ఆకు పక్కన రాలేది ఉంటాది కదా. అది కుక్క తింటాది. ఆ రాలింది సాలు. మమ్మల్ని కుక్కలే అనుకో."

అమ్మణ్ణి తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు. గుమ్మం మీద కూర్చుంది. మా ఎదుట ఆమె కూర్చోవడం అంతకు ముందు నేను చూడలేదు. చెయ్యి ఎత్తి చెమట తుడుచుకుంటే గాజులు మోచేతి దాకా జారిపోయాయి.

"రాలేది ఏమీ లేదే ముసిలీ," అంది. "ఆకు నాకుతారు. ఆకు అయినాక నేల నాకుతారు. వచ్చి సూస్తావా?"

పరదేశపు తల్లి కథలో ఆ మాట తర్వాత రావలసిన జవాబు ఇది కాదు.

"కుక్క పిడికెడు కూడా మార్గళిలోనే ఆపేసినాను," అంది అమ్మణ్ణి. "మా మామ పెట్టిన మొక్కు. ఆ కుక్క యాడికి పోయెనో. భైరవుడు నన్ను ఏమి సేస్తాడో సేయనీ."

నేను రాతి గుంటలోకి చూశాను. దుమ్ము ఉంది, ఒక మూల సాలెగూడు ఉంది.

కాసేపటికి అమ్మణ్ణి అడిగింది. "నీ మనవడంటే, మోట తోలేటప్పుడు ఎద్దుల ముందర పాడుతుండెనే, ఆ సిన్నోడేనా?"

"వాడే అమ్మణ్ణీ."

"పావం," అంది. లేచి లోపలికి పోయింది. తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేసుకుంది.

తిరిగి వస్తుంటే మా అవ్వ ఏడవలేదు. చాలా దూరం వచ్చాక అడిగింది. "పాపా, మాట సరిగా సెప్పినానా?"

"సరిగానే సెప్పినావవ్వా."

"ఒక్క ముక్క కూడా తప్పలేదు కదా?"

"తప్పలేదు."

ఇంకొంచెం నడిచాక తనలో తాను అనుకున్నట్టు అంది. "ఆ ఆడది అదృష్టం సేసుకున్నాది. ఆమె అడిగిన ఇంట్లో రొట్టె ఉండె."

మేము ఇల్లు చేరేసరికి మా అమ్మ గడపలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎర్రది ముంగిట్లో, కర్రకు అందనంత దూరంలో కూర్చుని ఉంది. లోపల తమ్ముడు దాన్ని పిలుస్తున్నాడు. గొంతు సరిగా రావడం లేదు, పెదవులతో పిలుస్తున్నాడు.

మా అవ్వ ఖాళీ ముంత చూరుకు తగిలించి, మా అమ్మ చేతిలోంచి కర్ర తీసుకుని పక్కన పెట్టింది.

"వదలు. రానీ దాన్ని."

"అత్తా, నీకు మతి పోయెనా? ఆ నోరు ఏమి తిని వచ్చెనో నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసి బిడ్డ మీదికి తోలుతావా? ఉపదేశియారు సెప్పలేదా, రాణిని తిన్నాది ఆ జాతే కదా!"

"రాణిని తిన్నాది అదే. బిచ్చగాడి పుండు నాకింది అదే. రెండు నోళ్ళు లేవే దానికి." అవ్వ మా అమ్మను పక్కన కూర్చోబెట్టింది. "నేను పోయి అడిగి వస్తిని. ఏమీ లేదు. మన ఇంట్లో వాడికి ఇచ్చేదానికి ఏమీ లేదు, ఊళ్ళోనూ లేదు. దేవదూతలు వచ్చిరి అన్నారే, ఎప్పుడు వచ్చిరి? ఆ బిచ్చగాడు సచ్చినాక వచ్చిరి. బతికి ఉన్నప్పుడు పక్కకి వచ్చింది కుక్కలే కదమ్మా. రానీ."

మా అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఎర్రది లోపలికి వచ్చింది. తమ్ముడి కాలు దగ్గర పడుకుని నాకసాగింది. వాడు దాని మెడ మీద చెయ్యి వేయాలని చూశాడు, చెయ్యి లేవలేదు. మా అవ్వ వాడి చెయ్యి తీసి అక్కడ పెట్టింది. నేను, అమ్మ, అవ్వ ముగ్గురం వాడి చుట్టూ కూర్చున్నాం. ఎవరమూ ప్రార్థన చేయలేదు. నీళ్ళతో గుడ్డ తడిపి పెదవులు తుడవడం ఒక్కటే ఆ రోజు మేము చేసిన పని.

మర్నాడు మధ్యాహ్నం వాడు పోయాడు.

ఉపదేశి జ్వరంతో సంతపేటలోనే పడి ఉన్నాడు, రాలేకపోయాడు. వీధిలో గొయ్యి తవ్వే సత్తువ ఉన్న మగవాడు లేడు. ఎండిన నల్లరేగడి రాయిలా ఉంటుంది, గునపం దిగదు. అందుకని మా అమ్మ, అవ్వ కలిసి వాడిని మా తోళ్ళ గుంటల్లో ఒకదాంట్లో పడుకోబెట్టారు. గుంట ఎలాగూ ఎండి ఉంది. మట్టి, రాళ్ళు, పైన ముళ్ళకంప వేశారు. లోతు చాలదని వాళ్ళిద్దరికీ తెలుసు.

అన్నీ అయ్యాక మా అవ్వ గుప్పిట్లో పట్టేంత రాళ్ళు ఏరి నా పక్కన కుప్ప పోసింది.

"ఇక్కడ కూర్చో పాపా. అది వస్తాది. వస్తే కొట్టు."

"ఎర్రదాన్నా?"

"ఎర్రదాన్నే."

"నిన్న నువ్వే కదవ్వా రానిస్తివి?"

"నిన్న వాడు బతికి ఉండె."

నాకు ఏడుపు వచ్చింది. "అది తమ్ముణ్ణి ఎతుక్కుంటూ వస్తాదేమో అవ్వా."

"కావచ్చు. ఆకలికి వస్తాదేమో, అదీ కావచ్చు. ఏది అనేది దానికే తెలీదు, నీకేమి తెలుస్తాది? నువ్వు కొట్టు. తిట్టొద్దు. దాని మీద తప్పు లేదు. తప్పు లేకపోయినా కొట్టాల."

పొద్దు వాలే వేళకు అది వచ్చింది. తోక ఊపుకుంటూ వచ్చింది. నేను రాయి విసిరాను. డొక్కలో తగిలింది. ఒక్కసారి కుయ్యిమని, రాయి అందని దూరానికి పోయి, ముందు కాళ్ళ మీద తల పెట్టుకుని మా వైపే చూస్తూ పడుకుంది. అది దుఃఖమో, ఎదురుచూపో ఆ రోజు నాకు తెలియలేదు. ఈ రోజుకీ తెలియదు.

నేనూ అవ్వా వంతులు వేసుకుని ఎన్ని రోజులు కాపలా కూర్చున్నామో నాకు లెక్క ఉంది. అది రాయను. ఆ తర్వాత ఎర్రది కనిపించలేదు. కంజి తొట్టి దగ్గర కుక్కలకు విషం పెట్టించారని విన్నాను. అది విన్నమాటే. మా అవ్వ చిత్రై నెల ఎండలు చూసింది, వాన చూడలేదు. మా అమ్మ ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. నన్ను మిషను వారు తీసుకుపోయారు. అక్కడ తమిళం చదివాను. కడప వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్నాను.

వేదాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎన్నోసార్లు చదివాను. మా ఉపదేశి చెప్పినదాంట్లో తప్పు లేదు. కుక్క వచ్చిన చోటల్లా దాదాపు తరిమివేతే, అసహ్యమే. పాదిరులు ప్రసంగానికి పుల్పిటు ఎక్కి కుక్క దీనికి గుర్తు, దానికి గుర్తు అని చెబుతుంటే వింటాను. బాగానే చెబుతారు. నేను మాత్రం ఎర్రదాన్ని దేనికీ గుర్తుగా చేయలేకపోయాను. దారి పక్కన పడ్డవాళ్ళను తిన్న నోటితోనే అది మా తమ్ముడి మంట చల్లార్చింది. వాడి దగ్గరికి దాన్ని రానిచ్చిన చేత్తోనే మా అవ్వ నాకు రాళ్ళు అందించింది.

నాకు ఆశ అని చెప్పుకోదగ్గది ఆ ఏడాది తర్వాత పెద్దగా లేదు. ఉన్నట్టు నటించను కూడా. కానీ ఇప్పుడు నేనుంటున్న వీధిలో ఎవరైనా మంచాన పడితే, పిలిచినా పిలవకపోయినా నేను వెళతాను. వేడినీళ్ళు, పాత గుడ్డ పట్టుకుపోతాను. పుండు ఉంటే కడుగుతాను. ప్రార్థన చేయమంటే చేస్తాను, బాగవుతావని మాత్రం అనను. చెయ్యి పట్టుకోవాలంటే పట్టుకుంటాను. సావు కూటానికి రాదు, మూడోనాడు ప్రార్థనకు రాదు, రాతి గుండె ముసల్ది అని నా వెనక అనుకుంటారని నాకు తెలుసు. ఊపిరి ఆగాక ఆ ఇంటికి చుట్టాలు వస్తారు, పాదిరి వస్తాడు, దేవదూతలు కూడా వస్తారేమో. అప్పటికి నేను చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేసి ఉంటాను.